వెలుగును మార్చి యిచ్చు రంగులు

1852లో కేంబ్రిడ్జి ఆచార్యుడు స్టోక్స్ ఒక ప్రయోగమును వివరించెను. సూర్యకాంతిని పట్టకముచే ఏడు రంగులుగా విడదీసి, క్వినైను ద్రావణముగల గాజుగొట్టమును ఆ రంగుల వెంట జరుపుచు పోయెను. ఊదారంగును దాటి, ఏ వెలుగును కానరాని చోటికి చేరగానే గొట్టము నీలముగా ప్రకాశించెను. ఈ ధర్మమునకు ప్రతిదీప్తి అని పేరు.

అణువు కాంతిని గ్రహించి అధికశక్తి స్థితికి పోవును. ఆ శక్తిలో కొంత వేడిగా జారిపోగా మిగిలినది కాంతిగా వెలువడును. శక్తి తగ్గినందున ఆ కాంతి తరంగదైర్ఘ్యము పెరుగును. 1871లో జర్మనీ రసాయనవేత్త బేయర్ తయారుచేసిన ఫ్లోరసీన్ సుమారు 490 నానోమీటర్ల నీలికాంతిని గ్రహించి, 520 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని విడుచును.

ఈ స్వల్పభేదమే నేత్రవైద్యమునకు అక్కరకు వచ్చినది. ఇండియానా విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థులుగా ఉండగా నొవోట్నీ, ఆల్విస్ ప్రారంభించిన పద్ధతి 1961లో ప్రకటితమైనది. చేతిసిరలోనికి ఎక్కించిన ఫ్లోరసీన్ కొద్ది సెకనులలోనే కంటిలోని రెటీనాను చేరును. కంటిలోనికి నీలికాంతిని పంపి, కెమెరా ముందు ఆకుపచ్చ కాంతిని మాత్రమే పోనిచ్చు గాజును అమర్చుదురు. కంటినుండి మరలివచ్చు నీలికాంతి ఆ గాజువద్దనే ఆగిపోవును. రంగు ప్రవహించు రక్తనాళములు మాత్రము నల్లని పటముపై తెల్లని తీగెలవలె కనబడును.

ఆరోగ్యముగా ఉన్న రెటీనా నాళములు ఈ రంగును బయటికి పోనీయవు. మధుమేహముచే వాటి గోడలు చెడినప్పుడు రంగు ఊరి, పటములో తెల్లని మచ్చ క్రమముగా పెద్దదగును. రోగి చూపు ఇంకను బాగుగా ఉన్నప్పుడే ఈ జాడ దొరకవచ్చును. అప్పుడు చికిత్సకు వ్యవధి చిక్కును.

రంగు ఎక్కువైనకొలది వెలుగు పెరుగునని తలచరాదు. చిక్కని ఫ్లోరసీన్ ద్రావణము నారింజవన్నెతో మందముగా ఉండును. దాని చుక్కను గ్లాసెడు నీటిలో వేసినచో ఆకుపచ్చగా మెరయును. అణువులు కిక్కిరిసినప్పుడు ఒకటి విడువవలసిన శక్తిని పొరుగుది లాగుకొని వేడిగా పోగొట్టుటయే ఇందుకు ఒక కారణము.

రెటీనాలోని నల్లని వర్ణకపు పొర ఆకుపచ్చ కాంతిని చాలవరకు అడ్డగించును. దాని వెనుకనున్న నాళములను చూచుటకు ఇండోసయనిన్ గ్రీన్ అను రంగును వాడుదురు. ఇది సుమారు 800 నానోమీటర్ల కాంతిని గ్రహించి, 830 నానోమీటర్ల పరారుణకాంతిని విడుచును. ఆ పొరను ఈ కాంతి దాటిరాగలదు. నీటిలో కరిగిన పిమ్మట ఈ రంగు త్వరలో చెడును గనుక అప్పటికప్పుడే కలిపి వాడుదురు.

స్టోక్స్ గొట్టములో కానరాని కాంతి కనబడు కాంతిగా మారెను. ఇచ్చట వెలువడు కాంతి మన కంటికి కానరాదు. దానిని పట్టుటకు పరారుణ కెమెరాయే కావలెను.