ఓవెన్ వద్దు... జొన్నలుంటే చాలు!

కుకీలు చేయాలంటే ఓవెన్ ఉండాలి, మైదా కావాలి, వెన్న కావాలి... అంటూ వెనకడుగు వేసే అమ్మలకు ఓ తీపి కబురు. పొయ్యి మీద కడాయి, డబ్బాలో కాస్త బెల్లం, నాలుగు గుప్పెళ్ల పేలాలు ఉంటే పని అయిపోతుంది. అందుకు కావలసిన సరుకంతా జహీరాబాద్ చేలల్లోనే ఉంది. ఆ మాటకొస్తే ఆ విద్య కూడా అక్కడి వంటిళ్లకు పాతదే!

సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలు అడిగే మొదటి మాట- 'తినడానికి ఏముంది?' పట్నమైనా పల్లె అయినా ఇప్పుడు ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే. బిస్కెట్ ప్యాకెట్. హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి మీద, సుమారు వంద కిలోమీటర్లు దాటాక వచ్చే జహీరాబాద్‌లోనూ అంతే. చుట్టూ జొన్న, సజ్జ, కొర్ర, తైదలు పండే నేల. అయినా పిల్లల చేతిలో కనిపించేది మాత్రం మైదా, పంచదార, పామాయిల్ కలిసిన బిస్కెట్టే.

'ఇంట్లోనే చేద్దామంటే ఓవెన్ ఏదీ?' అంటారు చాలామంది. నిజమే, మన వంటిళ్లలో పొయ్యి ఉంటుంది, పెనం ఉంటుంది. ఓవెన్ బేకరీల్లో ఉంటుంది. అయితే ఓవెన్ ఇంటింటా ఉండే అమెరికాలోనే, దాని జోలికి పోకుండా చేసే కుకీలకు బోలెడు ఆదరణ ఉంది. 'నో బేక్ కుకీ'లంటారు వాటిని. పంచదార, పాలు, వెన్న, కోకో పొడి కలిపి పొయ్యి మీద మరిగిస్తారు. బాగా తెర్లుతున్నప్పుడు ఒక్క నిమిషం ఆగి దించేస్తారు. అందులో ఓట్స్, పల్లీల వెన్న కలిపి, చెంచాతో కాగితం మీద ముద్దలుగా వేస్తారు. చల్లారితే కుకీ తయారు. అంతే!

ఇందులో కిటుకు ఏమిటంటే- ఓట్స్‌ను ముందే ఆవిరి పట్టి, నొక్కి అటుకుల్లా చేస్తారు. అంటే గింజ అప్పటికే సగం ఉడికి ఉంటుంది. అలా ముందే వేడి తగిలిన గింజ, దాన్ని పట్టి ఉంచే పాకం, రెండూ గట్టిపడేందుకు కాస్త సమయం... ఈ మూడూ ఉంటే ఓవెన్‌తో పనిలేదు.

ఇప్పుడు చెప్పండి... ఈ మూడూ మనకు కొత్తవా?

పండగకో రుచి!

తొలి ఏకాదశి వస్తే తెలంగాణ ఇళ్లలో పేలాల పిండి ఉండాల్సిందే. జొన్నల్ని పేలాలుగా వేయించి, దంచి, బెల్లం కలుపుతారు. పేలడంతోనే గింజ ఉడికిపోతుంది. ఇక వేరే వంట అక్కర్లేదు. అమెరికా కుకీలో ఓట్స్ చేసే పనిని ఇక్కడ జొన్న పేలాలు చేస్తాయన్నమాట.

బతుకమ్మ పండక్కి మలీద. సజ్జ రొట్టె కాల్చి, వేడిగా ఉండగానే చిదిమి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు. బతుకమ్మను సాగనంపాక ఆడవాళ్లంతా ఒకరికొకరు పంచుకునే ప్రసాదాల్లో ఇదీ ఉంటుంది. నువ్వుల సత్తు, పల్లీల సత్తు, పెసర సత్తు కూడా అలాంటివే. వేయించడం, దంచడం, తీపి కలపడం... అంతే. ఇక సంక్రాంతికి నువ్వుల ఉండలు సరేసరి.

'బిస్కెట్' అన్న మాటకు మూలం లాటిన్‌లో ఉంది. రెండుసార్లు కాల్చినది అని దాని అర్థం. ఆ లెక్కన కాల్చిన రొట్టెను చిదిమి మళ్లీ బెల్లం పాకంలో వేసే మలీదను బిస్కెట్‌కు దూరపు చుట్టం అనొచ్చు. ఉండగా కట్టేదాన్ని బిళ్లగా ఒత్తితే చాలు, పిల్లల కంటికి అది కుకీయే!

బియ్యం వచ్చాక...

మరి ఇంత విద్య ఉండీ ప్యాకెట్ల మీద ఎందుకు పడ్డాం? కారణం వంటింట్లో కన్నా పొలంలోనే ఎక్కువ కనిపిస్తుంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పేదల కడుపు నింపిన పథకమది. దాన్ని తక్కువ చేయలేం. కానీ వానాధార భూముల్లో జొన్న రొట్టె తినే ఇళ్లలోకి అన్నం నడిచొచ్చింది. తినేవాళ్లు తగ్గితే పండించేవాళ్లూ తగ్గుతారు. జొన్న చేలు కొన్ని బీడు పడ్డాయి, కొన్నిచోట్ల చెరకు, పత్తి వంటి పంటలు వచ్చాయి.

సరిగ్గా అదే 1983లో జహీరాబాద్ పక్కనే ఉన్న పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. వీటిలో ఎక్కువమంది దళిత మహిళలే. ఎకరం, రెండెకరాల చెలక భూముల్లో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, నువ్వు, అవిసె... ఇలా పదిహేను, ఇరవై రకాలు కలిపి విత్తే పాత పద్ధతిని వాళ్లు నిలబెట్టారు. 1990లలో బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్ని ఊళ్లోని పేదలకే చౌకగా అందించే సొంత రేషన్ వ్యవస్థనూ నడిపారు. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాతపంటల జాతర ఈ సంఘాల చలవే. 2008 అక్టోబరు 15న మాచునూర్ నుంచి మొదలైన 'సంఘం రేడియో'లోనూ పంటలు, వంటలు, విత్తనాల ముచ్చట్లే ఎక్కువ. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ దక్కింది. సంస్థకు చాలాకాలం సారథిగా ఉన్న పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ ఏడాదే ప్రపంచమంతా అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంది.

విత్తనం అయితే దక్కింది. ఇక మిగిలింది వంటిల్లు. రొట్టె చేయడం రాని ఇంట్లో, రొట్టె తినని పిల్లలున్న ఇంట్లో ఆ గింజ ఎలా చొరబడాలి? బిస్కెట్ రూపంలో వెళ్లడం అన్నింటికన్నా తేలికైన దారి!

గుట్టంతా పాకంలోనే

చేసే ముందు రెండు మాటలు. మొదటిది పిండి గురించి. 'నో బేక్' అన్నారు కదా అని పచ్చి పిండి కలపకూడదు. పచ్చి పిండి అరగదు, అందులో సూక్ష్మజీవులూ ఉండొచ్చు. ఏ పిండినైనా సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాల్సిందే.

రెండోది పాకం. బెల్లం కరిగాక వడకట్టి, మళ్లీ మరిగించాలి. గిన్నెలో చల్లటి నీళ్లు పోసి అందులో ఒక చుక్క పాకం వేయండి. నీళ్లలో కలిసిపోతే ఇంకా లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండలా వస్తే సరిపోయినట్టు. ఉండను వేస్తే టక్కున మోగిందా... ముదిరింది, ఇక అది చిక్కీకే పనికొస్తుంది. లేత పాకంతో చేసినవి చేతికి అంటుకుంటాయి. ముదురు పాకంతో చేసినవి పళ్లకు పరీక్ష పెడతాయి. ముసురు పట్టిన రోజుల్లో గాల్లోని తేమను బెల్లం పీల్చుకుంటుంది కాబట్టి పాకం ఒక్క పిసరు ఎక్కువ రానివ్వాలి.

జొన్న పేలాల శొంఠి బిళ్లలు

కావలసినవి: జొన్న పేలాల పిండి (కాస్త బరకగా)- ఒకటిన్నర కప్పు, వేయించి పొట్టు తీసిన పల్లీల పొడి- అర కప్పు, వేయించిన నువ్వులు- పావు కప్పు, బెల్లం తురుము- కప్పు, నీళ్లు- పావు కప్పు, నెయ్యి- మూడు చెంచాలు, శొంఠి పొడి- అర చెంచా, ఉప్పు- చిటికెడు.

తయారీ: పేలాలకు పనికొచ్చే జొన్న రకాన్ని అడిగి తెచ్చుకోండి. గింజల మీద కాసిని నీళ్లు చిలకరించి, మూతపెట్టి కాసేపు ఉంచాలి. బాగా కాగిన కడాయిలో గుప్పెడు చొప్పున వేసి పొడి బట్టతో కలిపితే గింజలోని తేమ ఆవిరై పేలాలు విచ్చుకుంటాయి. పేలని గింజలు ఏరేసి మిక్సీ పట్టాలి. బెల్లం ఉండపాకం వచ్చాక పొయ్యి కట్టేసి నెయ్యి, శొంఠి, ఉప్పు, ఆ తర్వాత పొడి సరుకంతా వేసి గబగబా కలపాలి. నెయ్యి రాసిన పళ్లెంలో చెంచాతో ముద్దలు పెట్టి, గిన్నె అడుగుతో మెల్లగా ఒత్తితే బిళ్లలవుతాయి. అరగంటలో గట్టిపడతాయి. జహీరాబాద్ ప్రాంతం అల్లం సాగుకూ పేరున్నదే. పచ్చి అల్లం రసం కూడా వేయొచ్చు కానీ తడి వల్ల నిల్వ తగ్గుతుంది.

సజ్జ మలీద బిస్కెట్లు

కావలసినవి: మందపాటి సజ్జ రొట్టెలు- మూడు, బెల్లం తురుము- ముప్పావు కప్పు, నెయ్యి- రెండు చెంచాలు, వేయించిన నువ్వులు- రెండు చెంచాలు, యాలకుల పొడి- కొద్దిగా.

తయారీ: రొట్టెల్ని బాగా కాల్చి, వేడి మీదే చిదిమి, మిక్సీలో ఒక్కసారి తిప్పాలి. చెంచాడు నీళ్లతో బెల్లం కరిగించి, జిగురు రాగానే మిగతావన్నీ కలిపేయాలి. మూత అడుగున నెయ్యి రాసి అచ్చులా వాడుకుంటే ముచ్చటైన బిళ్లలు వస్తాయి. రొట్టెలో తడి ఉంటుంది కనుక రెండు రోజుల్లో తినేయాలి. సజ్జ పిండి త్వరగా చేదెక్కుతుంది. ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా పట్టించుకోవడమే మేలు.

పాకం లేని తైద కుకీలు

కావలసినవి: తైద పిండి (రాగి పిండి)- కప్పు, వేయించిన పల్లీలు- ముప్పావు కప్పు, బెల్లం పొడి- అర కప్పు, కరిగించిన నెయ్యి- మూడు చెంచాలు.

తయారీ: చెంచాడు నెయ్యితో పిండిని సన్నటి సెగ మీద పది నిమిషాలు వేయించాలి. పల్లీల్ని నూనె వదిలి ముద్దయ్యేదాకా మిక్సీ పట్టాలి. అన్నీ కలిపి, మిగతా నెయ్యి పోసి, ఒత్తి, గంట సేపు ఫ్రిజ్‌లో ఉంచితే సరి. వేడి పాకం పని లేదు కాబట్టి బిళ్లలు ఒత్తే పని పిల్లలకే అప్పజెప్పొచ్చు. తమ చేత్తో చేసింది వద్దనే పిల్లలు అరుదు!

ఇవి మరవొద్దు

* బెల్లం కూడా తీపే. చిరుధాన్యాలు కదా అని మధుమేహం ఉన్నవాళ్లు ఇష్టం వచ్చినట్టు తినకూడదు. పిల్లలకైనా రోజుకు ఒకటి, రెండు చాలు.

* పల్లీలు పడని పిల్లలుంటే వాటి బదులు వేయించిన పుట్నాల పొడి వాడండి.

* పాకం ఒంటి మీద పడితే మరిగే నీళ్ల కన్నా ఎక్కువ కాలుతుంది. ఆ సమయంలో పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వొద్దు.

* పాకంతో చేసిన బిళ్లలు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. తడి తగలకుంటే వారం, పది రోజులు ఉంటాయి.

వంద గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అది పది మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే. సజ్జల్లో ఇనుము ఎక్కువ. ఈ లెక్కలు పిల్లలకు చెబితే వినరు. రుచి చూపిస్తే వింటారు.

చేలో ఏ పంట ఉండాలో విత్తే చేయి ఒక్కటే నిర్ణయించదు, తినే నోరూ నిర్ణయిస్తుంది. జహీరాబాద్ చెలకల్లో ఆడవాళ్లు నలభై ఏళ్లుగా తమ వంతు చేస్తూనే ఉన్నారు. ఈ ఆదివారం కిలో జొన్నలు కొని తెస్తే... మన వంతు మొదలైనట్టే!