పాత బండికి హెడ్‌లైట్ వెలగకపోతే: బల్బు కొనే ముందు చూడవలసినవి

రాయ్‌పూర్ నగరానికి పడమటి కొసన ఉన్న టాటీబంధ్ కూడలిలో పొద్దు వాలిన తర్వాత లారీల వరుస తెగదు. ఇక్కడి నుండి సరుకుతో విజయనగరం, విశాఖపట్నం వైపు బయలుదేరే వాహనానికి ధమ్తరి, కాంకేర్ దాటిన తర్వాత కేశ్‌కాల్ ఘాటు, ఆపైన జగదల్‌పూర్, కొరాపుట్ మీదుగా వెళితే సాలూరు ఘాటు ఎదురవుతాయి. ఆ మలుపులలో రాత్రివేళ డ్రైవరుకు దారి చూపేవి తన బండి దీపాలే. సూర్యాస్తమయమైన అరగంట నుండి సూర్యోదయానికి అరగంట ముందు వరకు దీపాలు వెలగాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి నిర్దేశిస్తోంది.

ఒక్క దీపం ఆరిపోయినా ప్రమాదం చిన్నది కాదు. కుడివైపు దీపం లేని లారీ ఎదుటివారికి రోడ్డు అంచున వస్తున్న మోటారు సైకిల్‌లా కనిపిస్తుంది. లారీ వెడల్పులో చాలా భాగం ఆ వెలుగుకు పక్కన చీకటిలో ఉండిపోతుంది. అందుకే ఆరిన దీపాన్ని ఆ సాయంత్రమే సరిచేసుకోవలసి ఉంటుంది. అయితే చాలామంది నేరుగా బల్బు కొంటారు. పాత బండ్లలో లోపం తరచుగా బల్బుకు చేరే కరెంటు దారిలో ఉంటుంది.

లోపం ఎక్కడుందో దీపాల తీరే కొంతవరకు చెబుతుంది. పాత వాహనాలలో ఎక్కువగా వాడే హెచ్4 బల్బులో డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి చొప్పున రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒక పక్క డిమ్ మాత్రమే పోతే ముందుగా బల్బునే అనుమానించాలి. రెండు పక్కలా డిమ్ ఒకేసారి ఆరిపోతే రెండు బల్బులూ ఒకే క్షణంలో కాలిపోయాయనుకోవడం కన్నా ఫ్యూజు, రిలే, డిప్పర్ స్విచ్చి వైపు చూడటం మంచిది. గతుకులలో మిణుకుమంటే కనెక్షన్ వదులైందని అర్థం. ఇంజను వేగం పెంచినప్పుడే వెలుగు పెరుగుతుంటే బ్యాటరీని, ఆల్టర్నేటర్‌ను పరీక్షించాలి.

అన్నిటికన్నా మోసపుచ్చేది మసకగా వెలిగే దీపం. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, కమిలిన హోల్డరు, లోపల అరిగిన స్విచ్చి తలా కొంత వోల్టేజీని మింగేస్తాయి. బల్బులు మార్చి మార్చి విసిగిన వారు ఈ దారిని ఒకసారి కొలిపించుకోవాలి. ఇంజను నడుస్తూ దీపం వెలుగుతూ ఉండగానే మల్టీమీటరుతో బ్యాటరీ వద్ద ఒకసారి, బల్బు కనెక్టరు వద్ద ఒకసారి వోల్టేజీ చూడాలి. దీపం ఆర్పి కొలిస్తే కరెంటు ప్రవహించదు కాబట్టి లోపం బయటపడదు. 12 వోల్టుల బండిలో ఈ తేడా అర వోల్టు లోపు ఉంటే సరిపెట్టుకోవచ్చు, ఒక వోల్టు దాటితే కారణం వెతకాలి. తర్వాత మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొసను దీపం ఎర్త్ పిన్నుకు తాకించాలి. అక్కడ రీడింగు సున్నాకు దగ్గరగా లేకపోతే దోషం ఎర్త్‌దే. కొన్ని జపాన్ తరహా కార్లలో స్విచ్చి ఎర్త్ వైపే ఉంటుంది కనుక వాటి విషయంలో వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను అడగడమే మేలు.

మరమ్మతు సాధారణంగా చౌకైనదే. ఎర్త్ బోల్టు విప్పి, రంగు, తుప్పు పోయి లోహం కనబడేలా గీకి, తిరిగి గట్టిగా బిగించి గ్రీజు రాయాలి. హోల్డరు కమిలితే మార్చాలి. స్విచ్చి మీద భారం తగ్గాలంటే రిలే పెట్టించి, బ్యాటరీ నుండి ఫ్యూజు మీదుగా బల్బుకు నేరుగా మందపాటి వైరు వేయించాలి. అప్పుడు స్విచ్చి గుండా రిలేకు కావలసిన స్వల్ప కరెంటు మాత్రమే వెళుతుంది.

ఈ పని మాని 60/55 వాట్ల బల్బు స్థానంలో 100/90 వాట్లది బిగించేవారు ఉన్నారు. పాత వైరింగ్ ఆ కరెంటును మోయలేదు. హోల్డరు కరుగుతుంది, ఫ్యూజు పోతుంది. ఫ్యూజుకు బదులు రాగి తీగ చుడితే బండికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. హాలోజన్ కోసం తయారైన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బిగిస్తే తెల్లని వెలుగు చెదిరి ఎదుటి డ్రైవరు కళ్ళలో పడుతుంది. అతనూ అదే ఘాటులో ఉంటాడు.

కొత్త బల్బు బిగించేటప్పుడు గాజును వేళ్ళతో ముట్టుకోరాదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు అధికంగా వేడెక్కి పగలవచ్చు. 12 వోల్టుల బల్బు 24 వోల్టుల లారీలో క్షణంలో మాడిపోతుంది కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి.

దారి మధ్యలో ఒక బల్బు పోయి, విడి బల్బు చేతిలో లేకపోతే, బండిని రోడ్డు పక్కకు తీసి, చల్లారనిచ్చి, ఎడమవైపు బల్బును కుడివైపుకు మార్చుకోవచ్చు. రెండు పక్కలా హెచ్4 రకమే అయితే ఇది సాధ్యం. ఎదురు వచ్చేవారికి బండి కుడి అంచు తెలుస్తుంది, దగ్గరలోని ఢాబా వరకు నెమ్మదిగా చేరుకోవచ్చు.