ఆరు నెలలు దాటితే ఆలస్యం వద్దు

పసివాణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకొని నీళ్ళు పోసే అమ్మమ్మ కంటికే ఈ సంగతి తరచు ముందుగా కనబడుతుంది. వృషణాల సంచి ఒకవైపు ఖాళీగా ఉంటుంది. "పెరిగేకొద్దీ అదే దిగుతుందిలే" అని ఆమె కూతురికి ధైర్యం చెబుతుంది. ఆ మాటలో సగమే నిజం. మిగిలిన సగం తెలియక విలువైన కాలం గడిచిపోతుంది.

గర్భస్థ శిశువు కడుపులో ఏర్పడిన వృషణాలు క్రమంగా గజ్జల మార్గాన సంచిలోకి దిగుతాయి. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి సుమారు 3 మందిలో పుట్టేనాటికి ఇది పూర్తికాదు. నెలలు తక్కువగా పుట్టినవారిలో ఈ సంఖ్య 30 వరకు ఉండవచ్చు. చాలామందిలో మొదటి కొద్ది నెలల్లో అవే దిగుతాయి. 6 నెలలు దాటిన పిమ్మట ఆ అవకాశం బహు స్వల్పం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ గడువును కాన్పు కావలసిన తేదీ నుండి లెక్కించాలి.

వృషణం ఎదుగుదలకు శరీరపు వేడికన్నా 2, 3 డిగ్రీలు తక్కువ వేడి అవసరం. లోపలే ఉండిపోతే బీజకణాలు క్షీణిస్తాయి. పెద్దయ్యాక సంతానలేమి, వృషణ క్యాన్సర్ వచ్చే అవకాశాలు పెరుగుతాయి. హెర్నియా, వృషణం మెలిపడటం వంటి చిక్కులూ కలుగవచ్చు.

వైద్యుడు చేతితో తాకి చూడటమే ముఖ్యమైన పరీక్ష. స్కానింగ్ సాధారణంగా అవసరముండదు. చలికి పైకి పోయి, వెచ్చగా ఉన్నప్పుడు తిరిగి దిగే వృషణానికి చికిత్స అక్కరలేదు. అయితే ఏటా ఒకసారి చూపించాలి. నవజాత శిశువుకు రెండు వృషణాలూ చేతికి తగలకపోతే మాత్రం వెంటనే నిపుణులకు చూపించాలి.

ఒకప్పుడు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. వాటివల్ల ఫలితం అంతంత మాత్రమేనని తేలడంతో నేడు వాటిని సిఫారసు చేయడం లేదు. 6 నుండి 18 నెలల వయసులో చేసే 'ఆర్కిడోపెక్సీ' శస్త్రచికిత్సే సరైన మార్గం. మత్తు ఇచ్చి, గజ్జలో చిన్న గాటు పెట్టి, వృషణాన్ని సంచిలోకి దించి కుట్టుతో నిలుపుతారు. సాధారణంగా బిడ్డ అదేరోజు ఇల్లు చేరుతాడు. వృషణం చేతికి తగలనప్పుడు లాపరోస్కోపీతో వెదుకుతారు.

ఈ చికిత్సతో క్యాన్సర్ ముప్పు తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. కనుక యుక్తవయసు వచ్చాక గట్టిదనం, వాపు కనిపిస్తే చెప్పాలని అబ్బాయికి నేర్పాలి.

ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. 6, 10, 14 వారాల టీకాలకు ఎలాగూ బిడ్డను తీసుకువెళతాము. ఆనాడే ఒక్క మాట అడగండి. నేటి ఆ ఒక్క మాట రేపటి అతని సంసారానికి రక్ష.