పాత ఫ్లాపీలలోని తెలుగు

ఉప్పల్, నాచారములకు చేరువనున్న ఇ.సి.ఐ.ఎల్. 1967లో స్థాపితమైననాడు కంప్యూటరుకు తెలుగు రాదు. తరువాత డీటీపీ ఫాంట్లు వచ్చినవి. వానికి తెలిసినది అక్షరముల ఆకారమే. తలకట్టు, కొమ్ము, దీర్ఘము అందు వేర్వేరు ముక్కలు. 'క్ర' వ్రాయుటకు కొన్నింట క్రారవడి ముందు, 'క' తరువాత. 1991లో తెలుగునకు చోటిచ్చిన యూనికోడు ఉచ్చారణక్రమమును పాటించును. కనుక మార్పిడిలో ముక్కలతోపాటు వరుసయు మారవలెను.

అదే సంవత్సరము వెలువడిన విజువల్ బేసిక్‌లో తెరపై మీటలను అమర్చి, పాత కంప్యూటరు మీదనే మార్పిడి సాధనమును నిర్మించుకొనవచ్చును. ఏ ముక్కలు కలిసి ఏ అక్షరమగునో తెలుపు పట్టికను మాత్రము తెలుగు లిపి నెరిగినవారే వ్రాయవలెను. ఆ పని త్వరపడి చేయవలసియున్నది. అచ్చుప్రతి చెదల పాలైన పుస్తకమునకు ఆ ఫ్లాపీయే కడపటి ప్రతి కావచ్చును.