కత్తిపోటు తగిలినా కిడ్నీ దక్కుతుంది!

వీపు పక్కన కత్తిపోటో, ఎద్దు కొమ్ము పోటో తగిలి మూత్రంలో రక్తం పడిందంటే ఒకప్పుడు పొట్ట కోయవలసిందే. కోసిన తరువాత కిడ్నీని తీసివేయవలసి రావడమూ మామూలే. ఇప్పుడా అవసరం బాగా తగ్గింది. రక్తపోటు నిలకడగా ఉండి, పేగుల వంటి ఇతర అవయవాలకు దెబ్బ తగలకపోతే, స్కానింగ్ తీసి, రోగిని కనిపెట్టి చూస్తున్నారు.

కిడ్నీ చుట్టూ కొవ్వు, దానిపై గట్టి పొర ఉంటాయి. కారిన రక్తం ఆ పొరలోనే నిలిచి గాయాన్ని అదిమిపెడుతుంది. పొర కోస్తే ఆ అదుపు పోయి రక్తం మళ్ళీ ఉబుకుతుంది.

మళ్ళీ ఎర్రబడితే...

మూత్రం తేటపడి ఇంటికి వెళ్ళిన మనిషికి రెండు మూడు వారాలలోపు మళ్ళీ రక్తం పడవచ్చు. తెగిన ధమని పక్క సిరతో కలిసిపోవడమో, ధమని వద్ద రక్తపు బుడగ ఏర్పడి పగలడమో ఇందుకు కారణం. దీనికీ పెద్ద ఆపరేషన్ అక్కరలేదు. గజ్జలోని ధమని నుంచి సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెరపై చూస్తూ, రక్తం కారే కొమ్మను మాత్రమే సన్నని లోహపు చుట్టలతో మూసివేస్తారు. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ చూపిన పద్ధతే దీనికి పునాది. ఆ కొమ్మ పోషించే ముక్క ఎండిపోయినా, మిగిలిన కిడ్నీ పనిచేస్తుంది.

మూత్రం లోపల కారితే...

ఈ కారడం చాలావరకు దానంతటదే ఆగుతుంది. ఆగక, జ్వరం, నడుము నొప్పి వస్తే మూత్రాశయం ద్వారా కిడ్నీ వరకు స్టెంట్ అమర్చుతారు. మూత్రమో, చీమో గూడుకడితే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చర్మం గుండా గొట్టం వేసి తీసివేస్తారు. స్టెంట్‌ను చెప్పిన గడువుకు తీయించుకోవాలి. మరచిపోతే దానిపై రాళ్ళు పేరుకుంటాయి.

ఇవి గుర్తుంచుకోండి

దిగబడిన కత్తిని పీకరాదు. కదలకుండా గుడ్డలతో అదిమి, వెంటనే 108కు ఫోన్ చేయాలి. మూత్రంలో రక్తం లేదని ధీమాగా ఉండరాదు. తీవ్రమైన గాయంలోనూ రక్తం కనబడకపోవచ్చు. ఇంటికి వచ్చాక బరువులు ఎత్తరాదు. మూత్రం మళ్ళీ ఎర్రబడినా, కళ్ళు తిరిగినా ఆ రాత్రే ఆస్పత్రికి చేరాలి. తరువాత కూడా రక్తపోటు చూపించుకుంటూ ఉండాలి.

రక్తస్రావం ఆగక రక్తపోటు పడిపోతున్నవారికి మాత్రం ఆపరేషన్ ఇప్పటికీ తప్పదు. అక్కడ ఆలస్యం ప్రాణాంతకం.