పిల్ల వేసే ముందు

రోహిణి కార్తెలో ఒక సాయంత్రం అల్వాల్‌లో గాలిదుమారం లేచింది. మా సందు చివర వేపకొమ్మ విరిగి తీగల మీద పడింది. రాత్రి తొమ్మిదిన్నరకు పోయిన కరెంటు తెల్లారి ఆరున్నరకు వచ్చింది. ఇన్వర్టర్ మీద రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, వైఫై నడిచాయి. చేపల తొట్టి ఆ లైన్లో లేదు. ఇంటికి వైరింగ్ చేయించిన రోజు ఆ ప్లగ్గును కూడా కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పడం మరిచిపోయింది నేనే.

కరెంటు వచ్చాక జరిగింది ఇంకా ఘోరం. తొట్టి కింది అరలో ఉన్న ఫిల్టర్ డబ్బా తనంతట తానే గుర్రుమంది. గాలి ఆడని డబ్బాలో తొమ్మిది గంటలు మగ్గిన నీళ్లను, కుళ్లిన కోడిగుడ్డు వాసనతో సహా, తొట్టిలోకి ఎగదన్నింది. నేను లేచి చూసేసరికి రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య పోయాయి. మిగిలింది బొటనవేలంత డాంసెల్ చేప ఒక్కటే. ఒళ్లంతా నీలం, తోక పసుపు. రాయి సందులోంచి మూతి బయట పెట్టి నన్నే చూస్తోంది.

తొట్టిని మళ్లీ నడపాలా, ఎత్తేయాలా? నాలుగడుగుల పొడవు, రెండు వందల ఇరవై లీటర్ల ఉప్పునీళ్లు. ఆ గోడ పక్కన డైనింగ్ టేబుల్ సరిగ్గా పడుతుందని మా ఆవిడ ఎప్పుడో కొలత తీసుకుంది. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మా బావమరిది ఫోన్లోనే తీర్పు చెప్పేశాడు. "ఎండగట్టెయ్ బావా. బ్లీచింగ్ కొట్టి, సున్నం చల్లి, కొత్త నీళ్లు పెట్టి పిల్ల వెయ్."

వాడి మాట కొట్టిపారేయడానికి లేదు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ కోస్తాలో టైగర్ రొయ్యను ఊడ్చేశాక నేర్చుకున్న పాఠం అది. చెరువు అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, ఉన్నదంతా చంపి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడం. కానీ నా తొట్టిలో రోగం రాలేదు. ఊపిరాడలేదు, అంతే. ఈ రెంటికీ మందు ఒకటి కాదని నాకు అర్థం కావడానికి ఈ గాజుపెట్టె పుట్టుక దాకా వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

దీన్ని మొదట తయారుచేసింది దుస్తులు కుట్టే పనిలోంచి వచ్చిన ఫ్రెంచి స్త్రీ జాన్ విల్‌ప్రూ పవర్. సిసిలీలోని మెస్సీనాలో ఉంటూ ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవిని గమనించేది. దాని ఒంటి మీది తెల్లటి పలుచని గుల్ల సొంతంగా కట్టుకున్నదా, సన్యాసి పీతలా ఇంకొకరిది ఎత్తుకొచ్చిందా అని అప్పట్లో పండితుల మధ్య పెద్ద తగువు. ప్రాణమున్న జీవిని రోజుల తరబడి చూస్తే తప్ప తేలదు. 1832లో ఆమె గాజు తొట్లు చేయించింది. గుల్ల అంచు విరిగితే ఆ జీవి దాన్ని మళ్లీ అతుక్కోవడం కళ్లారా చూసింది. తగువు తీరింది. ఆమె ఇంటి ముందే సముద్రం, నీళ్లకు కరువు లేదు.

సముద్రం దూరమైతేనే అసలు కష్టాలు. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ ఇంగ్లండు దక్షిణ తీరం నుంచి బతికున్న పగడపు జీవుల్ని లండన్‌కు తెచ్చుకుంది. మొదట్లో సముద్రపు నీరు తెప్పించి మార్చేది. తర్వాత ఉన్న నీటినే కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, అరగంట ముప్పావుగంట చొప్పున, పనిమనిషి చేత పోయించేది. టీ కొట్టువాడు గ్లాసులో టీ తిరగబోసినట్టన్న మాట. ప్రపంచంలో తొలి ఎయిర్ పంపు ఆ పనిమనిషి చేతులే అంటాను నేను. ఆమె పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టుకోలేదు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేపలు, నీటిమొక్క, నత్తలు ఒకే తొట్టిలో ఉంచి, ఒకదాని వ్యర్థం ఇంకొకదానికి ఆహారమవుతుందని చూపాడు. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకంతో 'అక్వేరియం' అన్న మాట ఇంటింటా పాకింది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల కోసం నాలుగు లవణాలు కలిపి కృత్రిమ సముద్రపు నీరు చేసే పద్ధతి కూడా ఆయనే చెప్పాడు. ఆ మోజు పదిహేనేళ్లు కూడా నిలవలేదు. జనం తొట్లు కొన్నారు, చేపలు కిక్కిరిసేలా వేశారు, నీళ్లు కంపు కొట్టాయి, తొట్లు అటకెక్కాయి. మన కాలనీల్లో ఖాళీ గాజు తొట్లు డాబా మీద పూలకుండీలు కావడం చూస్తూనే ఉన్నాం కదా.

నన్ను ఆపి ఆలోచింపజేసింది విలియం ఆల్‌ఫర్డ్ లాయిడ్. 1871లో లండన్ శివారులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన కట్టిన అక్వేరియం హైదరాబాద్‌లో ఏ ఇంటివారికైనా చెప్పకుండానే అర్థమవుతుంది. కింద చీకట్లో పెద్ద సంపు. మన మోటారు బదులు ఆవిరి యంత్రం నీళ్లను పైకి తోడుతుంది, అవి తొట్లలోంచి పారి మళ్లీ సంపులోకి పడతాయి. పైన జనం చూసే తొట్లలోని నీటికి కొన్ని రెట్లు కింద ఉండేది. ఉన్న నీళ్లనే ఏళ్ల తరబడి తిప్పాడు, పారబోయలేదు. 1874లో తెరిచిన నేపుల్స్ అక్వేరియంలోనూ ఆయన చెయ్యి ఉంది. దాన్ని 2015లో బాగుచేతకు మూసి 2021లో మళ్లీ తెరిచారు. ఆరేళ్లు! నేనేమో ఆదివారం లోపల తేల్చేయాలనుకున్నాను.

లాయిడ్ యంత్రం పని చేసింది గాని ఎందుకు చేస్తోందో ఆయనకు తెలీదు. ఆ గుట్టు 1877లో ఫ్రాన్స్‌లో, మురుగునీటి పరిశోధనలో దొరికింది. ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీళ్లు నెమ్మదిగా జారనిచ్చారు. ఇరవై రోజులు ఏమీ కాలేదు. ఆ తర్వాత నీటిలోని అమ్మోనియా నైట్రేటుగా మారడం మొదలైంది. కేవలం రసాయన చర్యే అయితే ఇరవై రోజులు ఎందుకు ఆగుతుంది? గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపారు. పని ఆగిపోయింది. క్లోరోఫాం పోగొట్టి, తోటమట్టి కడిగిన నీళ్లు కాసిని పోశారు. మళ్లీ మొదలైంది. అంటే ఇసుకలో ఏదో బతికి ఉంది. ఆ బ్యాక్టీరియాను 1890లో వినోగ్రాడ్‌స్కీ విడదీసి చూపాడు. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా, ఇంకో రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలు, మూడోది అంత కాదు.

అక్వేరియం అంటే గాజు కాదు, మోటారు కాదు. రాళ్ల మీద, ఇసుక రేణువుల మీద పట్టే కంటికి కనిపించని ఈ జిగురుపొరే అసలు యంత్రం. అది షాపులో బిగించి ఇవ్వరు. తనంతట తాను అమరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దానికీ ప్రాణవాయువు కావాలి. ఉప్పునీరు మంచినీటి కంటే దాదాపు ఐదో వంతు తక్కువ ప్రాణవాయువు పట్టుకుంటుంది, వేడెక్కితే ఇంకా తక్కువ. వేసవిలో మన చెరువుల్లో చేపలు తెల్లారగట్ల తేలడం కూడా ఇందుకే. రాత్రంతా అన్నీ పీల్చేవే, నింపే ఎండ ఉండదు.

ఈ పొర మీద తర్వాతివాళ్లు కలిపిన హంగుల్లో నాకు నచ్చింది నురగ గొట్టం. స్కిమ్మర్ అంటారు. పప్పు ఉడికేటప్పుడు పైకి తేలిన నురగను గరిటెతో తీసేస్తాం కదా, అదే సూత్రం. సన్నటి గాలిబుడగలకు మాంసకృత్తులు అంటుకుని పైకొస్తాయి, కుళ్లకముందే గిన్నెలోకి పొర్లిపోతాయి. ఉప్పునీళ్లలో బుడగ సన్నగా నిలుస్తుంది కాబట్టి ఇది సముద్రపు తొట్లకే బాగా నప్పింది.

మన వైపు 1909లో మద్రాసు మెరీనాలో ఎడ్గర్ థర్‌స్టన్ చొరవతో అక్వేరియం తెరిచారు. దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించిన థర్‌స్టనే. ఎదురుగా బంగాళాఖాతం ఉన్నవాళ్ల లెక్క వేరు. అల్వాల్ నుంచి సముద్రం రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైమాటే. నాకు ప్రతి లీటరూ ఆర్వో నీళ్లలో ఉప్పు పొడి కలిపి చేసుకునేదే. తొట్టి నిండా మార్చాలంటే ఎనిమిది కిలోల పొడి. పగడాల జోలికి వెళ్లలేదు. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. నా తొట్టిలో ఉన్నవి ఎండురాళ్లు, సిరామిక్ రింగులు. బ్యాక్టీరియాకు ఏదైనా ఒకటే.

బావమరిదికి మళ్లీ ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "రోగమొచ్చి ఉంటే నువ్వన్నట్టే చేసేవాణ్ని. తెల్లపొక్కుల పురుగు అయితే చేప లేకుండా రెండున్నర నెలలు ఖాళీగా వదిలేవాణ్ని. మైలుతుత్తం మందు ఎప్పుడో పోసి ఉంటే రాళ్లూ పారేసేవాణ్ని, రాగి పీల్చిన రాయి రొయ్యను బతకనివ్వదు. అవేవీ జరగలేదు. ఇప్పుడు బ్లీచింగ్ కొడితే బతికున్న ఈ బ్యాక్టీరియా పనివాళ్లను కూడా చంపుకున్నట్టే కదరా."

"బతికున్నారని నీకెలా తెలుసు?"

మంచి ప్రశ్న. డాంసెల్‌ను నీలం ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి, ఒక గాలిరాయి వేశాను. రోజూ నాలుగు మగ్గులు తీసి నాలుగు మగ్గులు పోయడం, అచ్చం ఆనా థిన్ గారి తొలి పద్ధతే. తొట్టిలో నల్లబడిన ఇసుకను జాగ్రత్తగా తోడేశాను. సగం నీళ్లు మార్చాను. ఫిల్టర్ డబ్బాను పక్కనపెట్టి కింద తెరిచిన సంపు పెట్టించాను. కరెంటు పోయినా దాని నీటికి గాలి తగులుతూనే ఉంటుంది. ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లోకి మారింది. సెల్స్‌తో నడిచే చిన్న పంపు కూడా కొన్నాను, ఇన్వర్టర్‌ను నమ్మక. ఇవన్నీ అయ్యాక గ్రామున్నర నవాసాగరం నీళ్లలో కరిగించి పోశాను. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వాడేదే, కాకపోతే ల్యాబుకు అమ్మే శుద్ధమైనది. అందులో ఉండేది అమ్మోనియా. పనివాళ్లుంటే తింటారు.

మృగశిర కార్తె మొదటి రోజు. ఊరంతా కొరమీను కోసం బారులు తీరి ఉంటే నేను బాత్రూం లైటు కింద గాజు సీసాలో చుక్కలు లెక్కపెడుతున్నాను. అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. ముదురు ఆకుపచ్చ. రెండో రోజూ అంతే. మూడో రోజు చిలకపచ్చ. ఐదో రోజు నిమ్మకాయ రంగుకు దిగింది. కొత్త తొట్టిలో ఇంత తొందరగా దిగదు. మొదటి రకం కొంతైనా బతికే ఉంది. రెండో పరీక్ష సీసా మాత్రం చిక్కటి గులాబీ. నైట్రైటు పేరుకుంది, రెండో రకం బాగా దెబ్బతిన్నట్టుంది. మూడు వారాలు ఆ గులాబీ అలాగే మొండికేసింది. ఆవిడ డైనింగ్ టేబుల్ టేపు మళ్లీ బయటికి తీసింది.

నాలుగో వారం మంగళవారం పొద్దున ఆ సీసా లేత నీలానికి వచ్చింది, అంటే నైట్రైటు పోయింది. నవాసాగరం మళ్లీ అంతే పోశాను. మర్నాటికి ఒక సీసా పసుపు, ఇంకోటి లేత నీలం.

ఆ సాయంత్రం భీమవరం నుంచి ఫోను. "పిల్ల వేశావా బావా?"

"ఇంకా లేదు. పాత కాపురస్తుణ్ని దించాను" అన్నాను. డాంసెల్ అప్పటికే తన రాయి సందులో దూరి, ఎదురొచ్చిన నా చేతి నీడను తరుముతోంది.