నిధి దొరికినా ఇంటికి తేరు!
తవ్వకాల్లేవు, తగాదాల్లేవు, నమ్మకమే పెట్టుబడి

గుప్త నిధుల వేట అంటే మన పల్లెల్లో తెలియనివారుండరు. పాడుబడిన గుడి, కూలిన కోటగోడ, అర్ధరాత్రి గునపాల చప్పుడు, తెల్లవారేసరికి నంది విగ్రహం కింద నిలువెత్తు గొయ్యి, ఆ వెనకే పోలీసు జీపు. నిధి మాటేమో గాని, గుడికి మాత్రం చేటు తప్పదు.

లోకంలో మరో రకం నిధి వేట ఉంది. ఇందులో నిధి ఎక్కడుందో దాచినవారే అందరికీ చెప్పేస్తారు. వెతికేవారు పట్టపగలే, పిల్లాపాపలతో వస్తారు. నిధి దొరికితే మూత తీసి చూస్తారు. లోపలున్న చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాస్తారు. పెట్టెను ఉన్నచోటే మళ్లీ పెట్టి వెళ్లిపోతారు. అందులో బంగారమేమీ ఉండదు. పెన్సిలు ముక్క, గోళీకాయ, రబ్బరు బొమ్మ ఉంటాయంతే! వీటికోసం కొండలెక్కేవారు, వాగులు దాటేవారు ప్రపంచమంతటా లక్షల్లో ఉన్నారు.

ఈ ఆట పేరు జియోక్యాషింగ్. 'జియో' అంటే భూమి. 'క్యాష్' అన్నారు కదా అని డబ్బనుకునేరు. ఇక్కడ ఆ మాటకు దాచిపెట్టిన సరుకు అని అర్థం.

బకెట్‌తో మొదలు

భూమికి 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా ప్రభుత్వానివి. మొదట్లో సైన్యానికి సరైన సంకేతాలు అందేవి. మామూలు జనానికి మాత్రం కావాలనే కాస్త చెడగొట్టి ఇచ్చేవారు. దానితో జనం చేతిలోని యంత్రం 100 మీటర్ల దాకా తప్పు చూపేది. చెరువు గట్టు మీదున్న మనిషిని చెరువు మధ్యలో ఉన్నాడని చెప్పినట్లుండేది. 2000 మే 2న ఈ అడ్డు తొలగించారు. తప్పు ఒక్కసారిగా 20 మీటర్ల లోపుకు దిగింది.

ఆ మర్నాడే అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఒక పని చేశాడు. బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర అడవిలో ఒక నల్లటి ప్లాస్టిక్ బకెట్‌ను సగం వరకు నేలలో పాతాడు. అందులో కొన్ని పుస్తకాలు, వీడియోలు, కొంత డబ్బు, ఒక ఉండేలు, చిక్కుడు గింజల డబ్బా ఉంచాడు. పేరు రాయడానికి పుస్తకం, పెన్సిలు కూడా పెట్టాడు. ఆ చోటి అక్షాంశ, రేఖాంశాలను కంప్యూటర్ల ద్వారా లోకానికి చాటాడు. వచ్చినవారు ఒక వస్తువు తీసుకుంటే మరొకటి పెట్టాలన్నది షరతు.

మూడు రోజులు తిరక్కుండానే ఇద్దరు దాన్ని కనిపెట్టారు. అందులో పేరు రాసిన మొదటివాడు పక్క రాష్ట్రమైన వాషింగ్టన్‌కు చెందిన మైక్ టీగ్. అదే ఏడాది సెప్టెంబరులో సియాటిల్‌వాసి జెరెమీ ఐరిష్ ఇలాంటి పెట్టెల జాబితాను ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు లెక్కకు వచ్చినవి 75. 2017 నాటికి అవి 30 లక్షలు దాటాయి!

ఆఖరి పది అడుగులే అసలు ఆట

ఉపగ్రహం చోటు చూపిస్తుంటే ఇక వెతికేదేముందని అనుమానం రావచ్చు. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే యంత్రం తానెక్కడున్నదీ లెక్కకట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో సర్వేయర్లు పొలం గట్ల మీద కర్రకు తగిలించి నిలబెట్టిన రోవర్లు కూడా ఉపగ్రహాల లెక్కతోనే హద్దులు చెబుతాయి. అయితే రోవరుకు వచ్చే తేడా అంగుళాల్లో ఉంటే, చేతిలోని ఫోనుకు కొన్ని మీటర్లుంటుంది. ఆ కొన్ని మీటర్లలోనే ఉంది మజా అంతా!

దాచేవారూ తక్కువవారు కాదు. కెమెరా రీలు డబ్బాను చెట్టు తొర్రలో పెడతారు. బోల్టును డొల్ల చేసి అందులో కాగితం చుట్టి ఉంచుతారు. అయస్కాంతం అంటించిన బుల్లి డబ్బీని ఇనుప కమ్మీ చాటున అతికిస్తారు. అచ్చం రాయిలా కనిపించే పెట్టెలూ ఉన్నాయి. ఎంత కష్టమో తెలిసేలా ప్రతిదానికీ 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. నేల ఎలాంటిదో చెప్పడానికి మరో అంకె ఉంటుంది. ఇందులో 1 అని ఉంటే చక్రాల కుర్చీలో ఉన్నవారు సైతం చేరుకోవచ్చు. 5 అని ఉంటే పడవో, తాళ్లో కావాల్సిందే.

ఆట సంగతి తెలియని బాటసారులకు వీరు 'మగుల్' అని పేరు పెట్టుకున్నారు. హ్యారీ పోటర్ నవలల్లో మంత్రాలు రాని మామూలు మనుషులకున్న పేరది. మగుల్ కంటపడితే చెప్పుల తాడు సర్దుకుంటున్నట్లు నటించడం వీరికి మామూలే!

పెట్టె ఒక సాకు మాత్రమే

ఇంతా చేసి వీరికి ఒరిగేదేమిటి? ఈ ప్రశ్నకు జవాబు పెట్టెలో కాదు, పెట్టె ఉన్న చోట దొరుకుతుంది. పెట్టె పెట్టేవారు సాధారణంగా తమకు నచ్చిన చోటు చూసి పెడతారు. జనం మరచిన పాత వంతెన, ఊరి వెనకనున్న ఊట, కొండమీద నుంచి నదీలోయ కనిపించే బండ. పెట్టె లేకపోతే పొరుగూరివారు కూడా అటు తొంగిచూడరు. పెట్టె పుణ్యమాని దేశం కాని దేశం నుంచి వచ్చినవారు సైతం ఆ బండమీద కాసేపు కూర్చుని వెళతారు.

పెట్టినవారికి బాధ్యత కూడా ఉంది. వానకు పుస్తకం తడిస్తే మార్చాలి. మూత పగిలితే కొత్తది వేయాలి. ఇందుకు జీతం లేదు, బత్తెం లేదు. పుస్తకంలో కొత్త పేర్లు చదువుకోవడమే వారికి దక్కే ఫలం.

కొన్ని పెట్టెల్లో అంకె చెక్కిన లోహపు బిళ్లలుంటాయి. వీటిని ఎవరూ ఉంచుకోరాదు. ఒక పెట్టెలో తీసి మరో ఊరి పెట్టెలో వేయాలి. అంకెను బట్టి బిళ్ల ఎక్కడెక్కడ తిరిగిందో సొంతదారు ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన రిచర్డ్ గారియట్ అక్కడ కూడా ఈ ఆటకు చోటు కల్పించి వచ్చాడు!

ఒంటరిగా వెతికేవారంతా కలుసుకునే పెద్ద సభలు 2003లో అమెరికాలోని లూయివిల్‌లో మొదలయ్యాయి. 2002 నుంచి మరో మంచి అలవాటు సాగుతోంది. పెట్టె వెతకడానికి వెళ్లేవారు సంచి వెంట తీసుకెళ్లి, దారిలో కనిపించిన చెత్త ఏరుకొస్తారు.

ఆలోచన మాత్రం పాతదే. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూముల్లో జేమ్స్ పెరట్ అనే దారి చూపే మనిషి 1854లోనే క్రాన్‌మియర్ పూల్ అనే చోట ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచి వచ్చినవారు తమ పేరున్న కార్డును అందులో వేసి వెళ్లేవారు.

నమ్మకానికి దెబ్బ తగిలితే

కాపలా లేని పెట్టెకు దొంగభయం ఉండనే ఉంటుంది. పెట్టెలు మాయమవుతూనే ఉంటాయి. అయినా చాలామంది మళ్లీ కొత్తది తెచ్చి పెడతారు. దానికంటే పెద్ద చిక్కు తెలియనివారి భయం. 2011 జులైలో ఇంగ్లండులోని వెదర్‌బీ పట్టణంలో ఒక కాఫీ హోటలు ముందు ఎవరో ఏదో దాస్తున్నాడని పోలీసులకు కబురందింది. వీధి ఖాళీ చేయించారు. సైన్యం వచ్చి ఆ డబ్బాను పేల్చేసింది. తీరా చూస్తే అది బాంబు కాదు, ఆట పెట్టె!

అతి ఉత్సాహం ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భం కూడా ఉంది. 2018 జూన్‌లో చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో నలుగురు ఈ ఆట కోసం నేల కింది వరద కాల్వలోకి దిగారు. పైన కురిసిన వానకు నీరు ముంచుకొచ్చి ఇద్దరు చనిపోయారు.

ఇలాంటి అనుభవాలతో కట్టుబాట్లు బిగిశాయి. స్థలం సొంతదారు అనుమతి తప్పనిసరి. అది లేకుండా నేల తవ్వరాదు. కత్తులు, మద్యం, మందుగుండు పెట్టరాదు. జంతువులు వాసన పట్టి పెట్టెను చీల్చేస్తాయి కనుక తినే వస్తువులు కూడా పనికిరావు. అంటే ఉల్మర్ పెట్టిన మొదటి బకెట్ ఈనాటి నిబంధనలకు నిలవదన్నమాట!

భారతదేశంలోనూ ఇలాంటి పెట్టెలున్నాయి. అమెరికా, జర్మనీలతో పోలిస్తే బహు తక్కువ. సరదాపడి మొదలుపెట్టేవారు ముందుగా పొలం రైతునో, పంచాయతీనో అడగడం మంచిది. గుడులు, కోటల జోలికి పోకపోవడం మరీ మంచిది. ముక్కూమొహం తెలియని పెట్టె కనిపిస్తే తాకకుండా పోలీసులకు చెప్పాలన్న మాట మన బస్టాండ్లలో నేటికీ వినిపించేదే కదా.

బీవర్‌క్రీక్ దగ్గరి ఆ మొదటి బకెట్ ఇప్పుడు లేదు. దాని చోట 2003లో ఒక ఫలకం వేశారు. అక్కడ తీసుకోవడానికేమీ లేకపోయినా జనం వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు. వచ్చినవారు పుస్తకంలో తమ పేరు రాసి, వెనక వచ్చేవారికోసం దాన్ని పదిలంగా అక్కడే ఉంచి వెళుతున్నారు.